మూడో సంతకం

ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి శిక్షణ విమానంలో ఒంటరిగా ఎక్కి మూడుసార్లు లేచి మూడుసార్లు మెత్తగా దిగాలి. ఎనిమిదింటికి భార్య వస్తుంది. ఆవిడని కెప్టెన్ అదే విమానంలో ఇరవై నిమిషాలు తిప్పి తెస్తాడు. తొమ్మిదింటికి ముగ్గురూ క్యాంటీన్లో కాఫీ తాగుతూ ఉండగా ఆవిడ "సరే, నేర్చుకోండి" అంటుంది. ఆ ఒక్క మాట వినడం కోసం డాక్టరు ఆ రోజు ఇస్త్రీ మడత నలగని తెల్ల ప్యాంటు వేసుకున్నాడు.

ఆ మాట అంత తేలిగ్గా వచ్చేది కాదు. ఆయన భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. దేని గురించైనా సరే ఆమెకి అంకె కావాలి. విమానాల స్కూల్లో నీలి అట్ట రిజిస్టరు ఒకటి ఉంది. దిగేటప్పుడు విమానాన్ని నేలకేసి గట్టిగా కొట్టినవాళ్ళు, దేనికైనా తగిలించినవాళ్ళు, దారి తప్పించినవాళ్ళు తమ చేత్తోనే ఆ సంగతి అందులో రాసి సంతకం పెట్టాలి. మెకానిక్ పరీక్ష చేసేదాకా ఆ విమానం కదలకూడదు. దానికి అట్ట మీద పెద్ద పేరేదో ఉంది గాని, అందరూ దెబ్బల పుస్తకమనే అంటారు. అందులో ఒక విద్యార్థివి మూడు సంతకాలు పడితే ఏడాదిపాటు జాబితాలోంచి పేరు తీసేస్తారు. డాక్టరువి అప్పటికే రెండున్నాయి. ఒకసారి రన్‌వే అంచున ఉన్న దీపాన్ని చక్రంతో పడగొట్టాడు. ఇంకోసారి ఆగవలసిన చోట ఆగకుండా గడ్డిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

"మూడోది పడిందంటే ఏడాది కాదు, అసలే మానెయ్యాలి," అని టీచరు తేల్చి చెప్పింది. "ఈలోగా నేనూ ఒకసారి ఎక్కి చూస్తాను. మిమ్మల్ని అంతగా లాగుతున్నదేమిటో నాకూ తెలియాలి కదా."

కెప్టెన్ తక్కువ మాట్లాడే మనిషి. ఎడమ చెంపకి అరచెయ్యి ఆనించి, కళ్ళు సగం మూసి నిలబడితే ఏదో లోతుగా ఆలోచిస్తున్నాడని విద్యార్థులు అనుకునేవారు. ఇద్దరు ముగ్గురు ఆ నిలబడే తీరు నేర్చుకున్నారు కూడా. ఆయన పాఠమంతా ఒక్క ముక్కలో ఉండేది. "కుదర్లేదా, మొండికెయ్యొద్దు. పైకి లేపి ఇంకో రౌండు కొట్టి రండి. ఇంకో రౌండు కొట్టినవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు." డాక్టరు ఆ ముక్కని నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకుని, కింద రెండు గీతలు గీసుకున్నాడు.

ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగి ప్రతి భాగాన్నీ ఒంగి చూసి, చేతిలోని జాబితాలో టిక్కు పెట్టాలి. డాక్టరు రెక్కలు చూశాడు, టిక్కు పెట్టాడు. ఇంజను నూనె చూశాడు, టిక్కు పెట్టాడు. చక్రాల దగ్గరికి వచ్చేసరికి ప్యాంటు గుర్తొచ్చింది. నిలబడే చూశాడు. మూడు చక్రాలూ ఉన్నాయి. టిక్కు పెట్టాడు.

మొదటిసారి బాగా దిగాడు. రెండోసారి ఇంకా బాగా దిగాడు. మూడోసారి విమానం రావలసిన దానికన్నా ఎత్తుగానూ వేగంగానూ వచ్చింది. నేల దగ్గరపడిందని కంగారుపడి, ఇంకా మనిషెత్తు ఉండగానే ముక్కు పైకెత్తేశాడు. విమానం ధబ్బున పడి మళ్ళీ గాల్లోకి ఎగిరింది. ఇంకో రౌండు కొట్టమన్న కెప్టెన్ మాట చెవిలో మోగింది. కానీ ఎనిమిదింటికి భార్య వస్తుంది, ఇదొక్కటీ అయితే అయిపోతుంది. ముక్కు కిందికి నొక్కాడు. విమానం రెండోసారి ఎగిరింది. మళ్ళీ నొక్కాడు. మూడోసారి ముందు చక్రమే నేలకి తగిలి, విమానం ఇంకోసారి ఎగిరి దిగింది. తన పళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్న చప్పుడు ఆయనకే వినిపించింది.

ఆ సమయానికి కెప్టెన్ ఆఫీసులో అటు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నాడు. టవర్లో కూర్చున్న కంట్రోలరు అమ్మాయి రన్‌వే అవతలి కొసలో తిరుగుతున్న కుక్కని బైనాక్యులర్లలో చూస్తోంది.

"దిగారా సార్?" అని రేడియోలో అడిగింది.

"దిగాను," అన్నాడు డాక్టరు. అందులో అబద్ధమేమీ లేదు.

విమానాన్ని షెడ్డు దగ్గర ఆపి, ప్యాంటు సంగతి మరిచిపోయి ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్రతి చక్రానికీ ఇనుప రింగు మీంచి టైరు మీదికి అడ్డంగా ఒక తెల్ల గీత గీసి ఉంటుంది. టైరు రింగు మీద జారితే గీత తెగి రెండు ముక్కలూ పక్కకి జరుగుతాయి. అలా జారిందంటే లోపల ట్యూబు చిరిగి ఉండవచ్చు. చిరిగితే మళ్ళీ దిగేటప్పుడు అది పేలవచ్చు. ఇదంతా మొదటి వారంలోనే చెబుతారు. ముందు చక్రం మీద గీత రెండు ముక్కలై ఉంది. మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంది.

దెబ్బల పుస్తకం ఆఫీసు బల్ల మీదే ఉంది, పెన్ను దారంతో కట్టి ఉంది. నలభై అడుగులు నడిస్తే చాలు. ఆయన నడిచాడు గాని, ఆఫీసు వైపు కాదు, కారు వైపు. వెనక సీట్లో మందుల సంచి ఉంది. అందులో పుచ్చుపళ్ళని తాత్కాలికంగా పూడ్చే తెల్ల సిమెంటు ఉంది.

ఆయన ఆలోచన ఆయనకి న్యాయంగానే కనిపించింది. మెకానిక్ తొమ్మిదింటికి వస్తాడు. జేబులో భూతద్దం లేకుండా నట్టు కూడా బిగించడని అతనికి భూతద్దమనే పేరు స్థిరపడిపోయింది. అతన్ని పక్కకి పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యవచ్చు. ఈలోగా భార్యని రెండో విమానంలో, అంటే పసుపుదాన్లో తిప్పమంటే సరి. ఈ గంటసేపు గీత ఎవరి కంటా పడకపోతే చాలు. పాత గీతని పళ్ళు గీకే పనిముట్టుతో శుభ్రంగా గీకేసి, సిమెంటు కలిపి, ఊపిరి బిగబట్టి కొత్త గీత గీశాడు. పదిహేనేళ్ళుగా పళ్ళు పూడుస్తున్న చెయ్యి అది. అంత చక్కటి గీత ఆ స్కూల్లో ఏ చక్రం మీదా ఎన్నడూ పడలేదు.

"సార్, మా ఆవిడని పసుపుదాన్లో తిప్పుతారా?" అని కెప్టెన్‌ని అడిగాడు.

"ఏం, తెల్లదానికేమైంది?" కెప్టెన్ ఆ ప్రశ్న కొంచెం తొందరగా అడిగాడు గాని, డాక్టరు గమనించే స్థితిలో లేడు.

"ఏం కాలేదు సార్. ఆవిడకి పసుపు రంగంటే ఇష్టం."

ఎనిమిదికి పది నిమిషాలుండగా టీచరు వచ్చింది. కెప్టెన్ చెంప మీంచి చెయ్యి తీసి నమస్కారం పెట్టాడు. "రండి మేడమ్. మీకు పసుపు రంగంటే ఇష్టమటగా. దాన్నే బయట పెట్టించాను."

"నాకా? ఎవరన్నారు?" అంది టీచరు. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆమె ఒక్క పసుపు చీర కొనలేదు. భర్త వైపు చూసింది. "మీరు పొద్దున్నే నడిపింది ఏది?"

"తెల్లది."

"అయితే నేనూ తెల్లదే ఎక్కుతాను. మీరు ఎప్పుడూ కూర్చునేది ఎలా ఉంటుందో చూద్దామనే కదా వచ్చింది."

"దాని రేడియో సరిగ్గా వినపడటం లేదు," అన్నాడు డాక్టరు. కెప్టెన్ ఎక్కి టవర్‌ని పిలిస్తే కంట్రోలరు అమ్మాయి గొంతు షెడ్డు దాకా వినిపించింది. సీటు మురికిగా ఉందన్నాడు. టీచరు చేతిరుమాలుతో తుడిచి, రుమాలు చూపించింది, మురికేమీ లేదు. గాలి ఎక్కువగా ఉందన్నాడు. అప్పుడు చెట్ల మీద ఆకు కూడా కదలడం లేదు.

టీచరు ఆయన వైపు తిరిగింది. "ఇవాళ ఎలా దిగారు?"

చెప్పెయ్యాల్సిన క్షణం అదే. పక్కన కెప్టెన్ ఉన్నాడు, ఎదురుగా భార్య ఉంది. డాక్టరు నోరు తెరిచాడు. వచ్చిన మాట మాత్రం వేరేది.

"వెన్నలా."

"మరి మోకాళ్ళ మీద ఆ మసేమిటి?"

"చక్రాలు ఒంగి చూశాను."

"చూశారా మేడమ్," అన్నాడు కెప్టెన్. "విద్యార్థి అంటే అలా ఉండాలి."

కెప్టెన్ విమానం చుట్టూ తిరిగాడు. ముందు చక్రం దగ్గర ఒంగాడు. గీత చూసిన కెప్టెన్ మొహం ఉన్నట్టుండి తేటపడింది. "బాగుంది, బాగుంది," అని తనలో తాను అనుకుంటూ గబగబా లేచి వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు.

టీచరు బెల్టు బిగించుకుంటూ కిటికీలోంచి భర్తని చూసి నవ్వింది. ఆ నవ్వులో కొంచెం భయం ఉంది. దాన్ని చూడగానే డాక్టరు పొద్దుటినుంచి కట్టుకుంటూ వచ్చిన కారణాలన్నీ ఒక్కసారిగా కూలిపోయాయి. "ఆగండి, చక్రం," అంటూ ముందుకి పరుగెత్తాడు. అప్పటికే ఇంజను హోరు మొదలైంది. రెండు చేతులూ ఎత్తి అడ్డంగా ఊపాడు. కెప్టెన్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. టీచరు చెయ్యి ఊపింది. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. ఆమె కూడా ఇంకాస్త ఉత్సాహంగా ఊపింది. విమానం మలుపు తిరిగి, రన్‌వే మీద పరుగు తీసి, నేల వదిలేసింది.

డాక్టరు టవరు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

"సార్, ఇక్కడికి ఎవరూ రాకూడదు," అంది కంట్రోలరు అమ్మాయి.

"తెల్లదాని ముందు చక్రం. నేను మూడోసారి గట్టిగా కొట్టాను. టైరు జారింది. గీత గీకేసి మళ్ళీ గీశాను."

"ఎవరు గీశారు?"

"నేనే."

"ఎందుకు సార్?"

ఆ అమ్మాయి జవాబు కోసం ఆగలేదు. ఫోనెత్తి ఫైరింజన్‌ని, అంబులెన్స్‌ని రన్‌వే దగ్గరికి రమ్మంది. తర్వాత మైకు ఆయన చేతికిచ్చింది. "మీరే చెప్పండి. నేను చెబితే కెప్టెన్ గారు నమ్మరు."

డాక్టరు చెప్పాడు. మూడుసార్లు ఎగరడం, రెండు వేళ్ళ ఎడం, పళ్ళ సిమెంటు, ఏదీ దాచలేదు.

"రెండు వేళ్ళా?" అన్నాడు కెప్టెన్.

"రెండు వేళ్ళు సార్."

రేడియోలో గరగర చాలాసేపు సాగింది. "సరే. ఆ గీత సంగతి కింద మాట్లాడుకుందాం."

"దించకండి సార్."

"దించక ఎక్కడ పెట్టుకుంటాం డాక్టర్ గారూ. పెట్రోలు గంటకి సరిపడా ఉంది, అంతే. టవరు పక్కనుంచి తక్కువ ఎత్తులో వస్తాను, చక్రం ఎలా ఉందో చూసి చెప్పండి."

విమానం కిటికీల పక్కనుంచి వెళ్ళింది. కంట్రోలరు అమ్మాయి బైనాక్యులర్లతో చూసింది. చక్రం వంకర పోలేదు, టైరు ఊడి వేలాడటం లేదు. లోపల ట్యూబు ఎలా ఉందో మాత్రం అంత దూరంనుంచి ఎవరూ చెప్పలేరు. అప్పుడు రేడియోలో ఇంకో గొంతు వచ్చింది.

"ఏమండీ."

"ఆఁ."

"ఎన్నిసార్లు ఎగిరిందన్నారు?"

"మూడు."

"ముందు చక్రం తగిలింది మూడోసారేనా?"

"మూడోసారే."

"వెన్నలా అన్నారు."

"అన్నాను."

"సరే. మైకు ఆ అమ్మాయికివ్వండి. మీరు అడ్డం ఉండకండి." మాటలన్నీ తరగతిలో చెప్పినట్టే ఉన్నాయి. చివరి మాట దగ్గర మాత్రం గొంతు వణికింది. ఆ వణుకు డాక్టరు పదహారేళ్ళలో ఇంకొక్కసారే విన్నాడు, కూతురికి ప్రాణం మీదికి వచ్చినప్పుడు. ఇక జన్మలో విమానం మొహం చూడకపోయినా ఫరవాలేదు, ఆమె కిందికి దిగి తనని నలుగురిలో తిడితే చాలు అనుకున్నాడు. ఆయన ఆ రోజు నిజంగా కోరుకున్నది అదొక్కటే.

మెట్లు దిగి ఆఫీసులోకి వెళ్ళి దెబ్బల పుస్తకం తెరిచాడు. తేదీ వేసి, సమయం వేసి, మూడుసార్లు ఎగిరిందని రాసి, గీత చెరిపిన సంగతి కూడా రాసి సంతకం పెట్టాడు. సంతకం బ్యాంకులో చెల్లనట్టు వచ్చింది. పుస్తకాన్ని చంకలో పెట్టుకుని బయటికి వచ్చేసరికి ఫైరింజను షెడ్డు వెనకనుంచి వస్తోంది. అది బయటికి వచ్చి చాలా కాలమైంది. తొందరలో డ్రైవరు వెనక్కి నడిపాడు. కటకటమని చప్పుడైంది. బయట పెట్టి ఉన్న పసుపు విమానం రెక్క కొస ఫైరింజను వెనక భాగానికి తగిలి మడత పడింది. ఆ రోజు మొత్తానికి అత్యంత క్షేమమైన విమానమని డాక్టరు ఏరి కోరి పెట్టించింది దాన్నే. ఎవరూ అటు చూడలేదు. అందరి కళ్ళూ ఆకాశం మీదే ఉన్నాయి.

తెల్ల విమానం దూరంగా మలుపు తిరిగి రన్‌వేకి ఎదురుగా వచ్చింది. డాక్టరు పుస్తకాన్ని గుండెకి అదుముకున్నాడు. విమానం రన్‌వే మొదలు దాటింది. వెనక చక్రాలు రెండూ నేలని తాకాయి, చిన్న పొగ లేచింది. ముక్కు ఇంకా గాల్లోనే ఉంది. కెప్టెన్ దాన్ని దించడం లేదు. వేగం తగ్గుతోంది, ముక్కు అలాగే ఉంది. సగం రన్‌వే అయిపోయింది. పక్కన అంబులెన్స్ మెల్లగా కదలడం మొదలుపెట్టింది. ఇక నిలవలేక ముక్కు నెమ్మదిగా వాలింది. ముందు చక్రం నేలని తాకింది.

ఏమీ కాలేదు. విమానం ఇంకో యాభై గజాలు దొర్లి ఆగింది.

డాక్టరు పరుగెత్తుకెళ్ళేసరికి టీచరు దిగి నిలబడి ఉంది. ఆయన తిట్లకి సిద్ధపడి ఆగాడు. ఆమె ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "కోపం తర్వాత. ముందు నన్ను నిలబడనివ్వండి," అంది.

సరిగ్గా తొమ్మిదింటికి భూతద్దం సైకిలు మీద వచ్చాడు. ఫైరింజను, అంబులెన్సు, జనం, అన్నిటినీ ఒకసారి చూసి, ఏమీ అడగకుండా ముందు చక్రం దగ్గర కూర్చుని జేబులోంచి భూతద్దం తీశాడు.

"ఈ గీత ఎవరు గీశారు?"

"నేను," అన్నాడు డాక్టరు.

"దేంతో?"

"పళ్ళ సిమెంటుతో."

"బాగుంది. నాది మూడు వారాల్లో పోతుంది. ఇది పోయేట్టు లేదు." అతను చక్రాన్ని తిప్పి చూశాడు, దాన్ని పట్టి ఉన్న కాడని తట్టి చూశాడు. "అన్నీ బాగానే ఉన్నాయి. మరి ఇంత హడావిడి దేనికి?"

"గీత రెండు వేళ్ళు జరిగింది కదా."

"జరుగుతుంది మరి. నిన్న సాయంత్రం దీని టైరు విప్పి కొత్త ట్యూబు వేశాను. మళ్ళీ బిగించినప్పుడు పాత గీతలు కలవవు. రంగు డబ్బా ఎండిపోయింది, ఇవాళ తొమ్మిదింటికి వచ్చి గీద్దామని ఊరుకున్నా. పొద్దున ఎక్కేముందే అలా ఉండాలే. మీరు చూడలేదా డాక్టరు గారూ?"

డాక్టరు తన ప్యాంటు వైపు చూసుకున్నాడు. "నిలబడి చూశాను."

"కొత్త ట్యూబు ఎందుకు వేయాల్సొచ్చింది?" అని టీచరు అడిగింది.

భూతద్దం కెప్టెన్ వైపు చూశాడు. అందరూ కెప్టెన్ వైపు చూశారు. ఆయన ఎడమ చెంప మీదికి చెయ్యి వెళ్ళింది.

"నిన్న సాయంత్రం నేనే దించాను," అన్నాడు కెప్టెన్. "గట్టిగా పడింది. సరిగ్గా నేల తగిలే ముందు పన్ను సలిపింది. ఒక్క క్షణం కళ్ళు మూతలు పడ్డాయి."

టీచరు భర్త చంకలోని పుస్తకం తీసుకుని పేజీ తిప్పింది. "నిన్నటి తేదీ ఇందులో లేదే."

"రాస్తే కారణం కూడా రాయాలి మేడమ్. రాస్తే ఈయన చదువుతాడు. చదివితే నోరు తెరవమంటాడు." కెప్టెన్ తల దించుకున్నాడు. "పొద్దున గీత కలిసి ఉంటే భూతద్దమే వచ్చి గీసి వెళ్ళాడనుకున్నా. పైనే చెప్పాల్సింది. ట్యూబు కొత్తదని తెలుసు. కానీ ఈయన పొద్దున కొట్టిన మూడు దెబ్బలకి దానికేమైందో తెలియదు. సగం ధైర్యంగా ఉంది, సగం చెప్పడానికి నోరు రాలేదు."

"ఏ పన్ను?" అన్నాడు డాక్టరు. పొద్దుటినుంచి ఆయన గొంతు స్థిరంగా పలికింది అదే మొదటిసారి. ఎనిమిది నెలలుగా ఆ చెంపనీ ఆ చెయ్యినీ వారం వారం చూస్తూ, మహా ఆలోచనాపరుడని మురిసిపోయిన పళ్ళ డాక్టరు ఆయన.

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "గీత జరిగింది నావల్లే కాబట్టి డాక్టర్ గారి సంతకం కొట్టెయ్యొచ్చు."

"మూడుసార్లు ఎగిరింది మాత్రం ఈయన చేతిలోనే కదా," అంది టీచరు. "కొట్టివేతలొద్దు. దాని కింద మీది రాయండి."

కెప్టెన్ నిన్నటి తేదీ వేసి రాశాడు. కారణమన్న చోట "పన్ను" అని రాశాడు. ఫైరింజను డ్రైవరు తనకి అందులో రాసే హక్కు ఉందో లేదో తెలియక కాసేపు తటపటాయించి, పసుపు రెక్క గురించి అతనూ రాశాడు.

భార్యాభర్తలు కారు దాకా నడిచారు. తలుపు తీసే ముందు టీచరు ఆగింది. "మూడో సంతకం పడితే అసలే మానెయ్యమన్నాను. నేనడగకముందే మీరే పెట్టారు కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. స్కూలు వాళ్ళ ఏడాది మాత్రం ఏడాదే."

"మరి వెన్నలా అన్నందుకు?"

"దానికి వేరే లెక్కుంది. ఇంటికి పదండి."

మంగళవారం పొద్దున కెప్టెన్ పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. టీచరు ఫోన్ చేసి మరీ పంపింది. పక్కన పళ్ళెంలో పట్టకారు మెరుస్తోంది. వేల గంటలు ఆకాశంలో గడిపిన మనిషి కుర్చీ చేతుల్ని వేళ్ళు తెల్లబడేలా పట్టుకున్నాడు.

"నొప్పేమీ ఉండదు సార్," అన్నాడు డాక్టరు, సూదిలోకి మందు ఎక్కిస్తూ.

"వెన్నలానా?"

సూది దగ్గరికి వచ్చింది. కెప్టెన్ అరచెయ్యి అడ్డం పెట్టాడు. "డాక్టర్ గారూ, ఇవాళ కుదిరేట్టు లేదు. ఇంకో రౌండు కొట్టి వస్తాను."

ఇంకో రౌండు కొట్టినవాణ్ణి చూసి ఎవరూ నవ్వరన్నది నిజమే గాని, కుర్చీని డాక్టరు అప్పటికే వెనక్కి వాల్చేశాడు.